అటకమీద దొరికిన పాత కామిక్ పుస్తకాలకు విలువ కట్టడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అమెరికాలో మీరు ఈమధ్య కొన్న పాత ఇంటి అటకమీద ఒక పెట్టెలో 40 దాకా కామిక్ పుస్తకాలు దొరికాయి. చాలావాటి అట్టమీద వెల 10 సెంట్లు అని ఉంది. కొన్నింటి వీపు చిరిగితే ఎవరో ఎప్పుడో టేపు అంటించారు. చూడటానికి వచ్చిన ఒక వ్యాపారి పెట్టె మొత్తానికి 900 డాలర్లు ఇస్తానన్నారు. టేపు ఊడదీసి, శుభ్రం చేసి గ్రేడింగుకు, అంటే పుస్తకం ఎంత బాగా ఉందో చూసి మార్కులు వేసే సంస్థకు, పంపాలా, లేక ఆ ధరకు ఇచ్చేయాలా అని అడిగారు.

ప్రస్తుతానికి ఆ రెండు పనులూ చేయవద్దు. టేపును ముట్టుకోవద్దు, దేనినీ తుడవవద్దు, పెట్టెను పెట్టెగా అమ్మవద్దు. ముందుగా ప్రతి పుస్తకం పేరు, సంచిక సంఖ్య, నెల, సంవత్సరం రాసి ఒక జాబితా తయారు చేయండి. ఇలాంటి పెట్టెలు నేను ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్నాను. ఎక్కువ పుస్తకాలు ఒక్కొక్కటి పది, ఇరవై డాలర్లు పలికేవే అవుతాయి. అయితే ఒకటో రెండో తక్కినవాటన్నింటి విలువనూ మించిపోయే అవకాశం కూడా ఉంటుంది. జాబితా లేకుండా 900 డాలర్లు తక్కువో ఎక్కువో మీరు చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఆ వ్యాపారి మాత్రం చెప్పగలరు, ఎందుకంటే ఆయన పెట్టె చూశారు.

అట్టమీది వెలను బట్టి కాలాన్ని నిర్ణయించకండి. 10 సెంట్లు అనగానే 1930ల నాటిదని చాలామంది పొంగిపోతారు. 1930ల మధ్యనుంచి 1961 దాకా అమెరికన్ కామిక్ పుస్తకాలలో అత్యధిక భాగం అదే ధరకు అమ్ముడయ్యాయి. ధర మారలేదు గాని పుస్తకం మాత్రం చిక్కిపోతూ వచ్చింది. 1938లో 10 సెంట్లకు 64 పేజీలు వచ్చేవి. యుద్ధకాలపు కాగితం కొరతతో పేజీలు తగ్గడం మొదలై, 1950లలో దాదాపు సగానికి పడిపోయాయి. కాబట్టి పుస్తకం మందం చూసినా కాలం గురించి కొంత తెలుస్తుంది. కచ్చితమైన వివరం కావాలంటే మొదటి పేజీ అడుగునో, ముందు అట్ట లోపలి వైపునో చిన్న అక్షరాలలో ప్రచురణకర్త చిరునామాతోపాటు అచ్చువేసిన నెలను, సంచిక సంఖ్యను చూడాలి. ఆ నెల కూడా పుస్తకం అంగడికి వచ్చిన నెల కాదు. పత్రిక పాతదిగా కనిపించకుండా ఉండేందుకు రాబోయే నెల పేరు వేయడం అప్పటి ఆనవాయితీ. సూపర్‌మాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ 1వ సంచికమీద 1938 జూన్ అని ఉంటుంది గాని, అది ఏప్రిల్‌లోనే అమ్మకానికి వచ్చింది.

సేకర్తలు ‘గోల్డెన్ ఏజ్’ అని పిలిచే కాలం ఆ సంచికతో మొదలై, సుమారుగా 1956లో షోకేస్ అనే పుస్తకం 4వ సంచికలో ఫ్లాష్ అనే వీరుడు కొత్త రూపంలో వచ్చేదాకా సాగుతుంది. మీ జాబితాలో ఈ కాలానికి చెందినవాటిని వేరే పెట్టుకోండి.

1వ సంచిక కోసం మాత్రమే వెతకవద్దు. కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. డిటెక్టివ్ కామిక్స్ 1937లోనే మొదలైంది, కాని అందులో అన్నింటికన్నా ఖరీదైనది బ్యాట్‌మాన్ తొలిసారి వచ్చిన 27వ సంచిక, 1939 మే నాటిది. బ్యాట్‌మాన్ సహచరుడు రాబిన్ వచ్చినది 38లో. ఆర్చీ అనే కుర్రవాడు పెప్ కామిక్స్ 22వ సంచికలో ఏ ఆర్భాటమూ లేకుండా ప్రవేశించాడు. వండర్ ఉమన్ ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో, పుస్తకం చివరన చేర్చిన కథలో కనిపించింది. విజ్ కామిక్స్‌కయితే అమ్మకానికి వచ్చిన 1వ సంచికే లేదు. కెప్టెన్ మార్వెల్ పరిచయమైన తొలి పుస్తకంమీదే 2 అని సంఖ్య ఉంటుంది. ఒక పాత్ర మొదటిసారి వచ్చిన ఇలాంటి సంచికలను ‘కీ ఇష్యూ’ అంటారు. ధర ప్రధానంగా వీటిచుట్టే తిరుగుతుంది.

పాత్రలతో సంబంధం లేకుండా ముఖచిత్రం కోసమే వెతికి కొనే పుస్తకాలూ ఉన్నాయి. అలెక్స్ షోంబర్గ్ అనే చిత్రకారుడి ముఖచిత్రంతో 1944 ప్రాంతంలో వచ్చిన సస్పెన్స్ కామిక్స్ 3వ సంచిక లోపలి కథల గురించి మాట్లాడేవారు అరుదు, ఆ అట్ట కోసం పోటీపడేవారు ఎందరో. కనుక మీకు తెలిసిన పాత్ర కనిపించలేదని ఏ పుస్తకాన్నీ పక్కన పడేయకండి.

అలాగని అరుదైనదల్లా ఖరీదైనది కాదు. నా దగ్గర 1940ల నాటి ఒక చిన్న ప్రచురణకర్త పుస్తకం ఉంది. ఇన్నేళ్లలో దాని మరో ప్రతిని నేను రెండుసార్లు మాత్రమే చూశాను. దానిని 60 డాలర్లకు కొన్నాను, ఈరోజు అమ్మినా అంతే వస్తుంది, ఎందుకంటే అడిగేవారు లేరు. దీనికి పూర్తి భిన్నంగా, యాక్షన్ కామిక్స్ 1వ సంచికను సుమారు 2 లక్షల ప్రతులు అచ్చువేశారని చెబుతారు. అందులో ఇప్పటికి వంద దాకా మిగిలి ఉంటాయని సేకర్తల అంచనా. అంతకన్నా తక్కువ ప్రతులు మిగిలిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. అయినా ఆ వంద కోసం వేలమంది ఎదురుచూస్తున్నారు గనుక దానికి లక్షల డాలర్ల ధర వచ్చింది. ఇంకోవైపు, వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్ 1950లలో ఒక దశలో నెలకు 30 లక్షల ప్రతుల దాకా అమ్ముడయ్యేది. ఆ కాలపు పెట్టెల్లో ఇలాంటివే ఎక్కువగా దొరుకుతాయి, మీ పెట్టెలోనూ ఉంటాయనే అనుకుంటున్నాను.

అచ్చయిన లక్షల ప్రతులు ఎక్కడికి పోయాయని మీరు అడగవచ్చు. పిల్లలు చదివి చించేశారు, తల్లులు చెత్తలో వేశారు. రెండో ప్రపంచయుద్ధంలో పాత కాగితాల సేకరణకు కట్టలు కట్టి ఇచ్చేశారు. 1940ల చివర కొన్ని ఊళ్లలో పిల్లలను చెడగొడుతున్నాయని కుప్పపోసి తగలబెట్టారు కూడా. మిగిలినవాటిని కాగితమే తినేస్తోంది. చవకరకం న్యూస్‌ప్రింట్‌లో చెక్కనుంచి వచ్చే లిగ్నిన్ ఉంటుంది. వెలుగు, వేడి, గాలి తగిలేకొద్దీ అందులో ఆమ్లం పెరిగి, కాగితం పసుపు రంగునుంచి గోధుమ రంగుకు మారి, చివరికి అప్పడంలా విరుగుతుంది. మీ పుస్తకాలను ఈరోజే అటకమీదనుంచి దించండి. ఎండాకాలపు వేడి, చలికాలపు తేమ రెండూ నేరుగా తగిలే అటకకన్నా ఇంట్లో ఏ అలమర అయినా మేలు.

అది అసలు ప్రతేనా? పెద్ద పేరున్న సంచిక దొరికితే ముందుగా స్కేలు తీసుకోండి. 1974లో సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ పుస్తకాల ప్రచురణకర్త డీసీ సంస్థ యాక్షన్ 1, డిటెక్టివ్ 27 వంటివాటిని ‘ఫేమస్ ఫస్ట్ ఎడిషన్’ పేరుతో పెద్ద సైజులో పునర్ముద్రించింది. వాటికి పైన దళసరి అట్ట ఒకటి ఉండేది. దాని లోపల పాత ముఖచిత్రం, పాత ప్రకటనలు, 10 సెంట్ల వెలతో సహా అంతా యథాతథంగా ఉండేది. పై అట్ట ఊడదీస్తే తెలియనివారికి అసలు పుస్తకంలాగే కనిపిస్తుంది. అలా ఊడదీసి అమ్మినవారూ ఉన్నారు, పాపం, కొన్నవారూ ఉన్నారు. గుర్తించడం మాత్రం చాలా తేలిక. ఆ పునర్ముద్రణ సుమారు 10 అంగుళాల వెడల్పు, 13.5 అంగుళాల పొడవు ఉంటుంది. గోల్డెన్ ఏజ్ పుస్తకం సుమారు 7.75 అంగుళాల వెడల్పు, 10.5 అంగుళాల పొడవు మించదు. ఇవి కాక ప్రచారానికి ఉచితంగా పంచిన చిన్న పునర్ముద్రణలు కూడా ఉన్నాయి. వాటిలో పేజీలు తక్కువగా ఉంటాయి, కాగితం మరీ తెల్లగా ఉంటుంది, వెనుక అట్టమీద ఆ కాలానికి పొసగని ప్రకటన ఉంటుంది. ఇన్నేళ్లలో యాక్షన్ 1 దొరికిందంటూ నన్ను పిలిచినవారు పదిమందికి పైగానే ఉంటారు. ప్రతిసారీ అది 1974 నాటిదో, ఆ తరువాతిదో అయింది.

అసలు ప్రతుల్లో కూడా తేడాలు ఉంటాయి. 1939 నాటి మార్వెల్ కామిక్స్ 1వ సంచిక కొన్ని ప్రతులమీద అక్టోబరు అని మాత్రమే ఉంటుంది, మిగిలినవాటిమీద దానిని కప్పివేసి నవంబరు అని ముద్రించారు. అక్టోబరు ప్రతులు బాగా తక్కువ. ఒకే పుస్తకం, ఒకే కథలు, అయినా ధరలో తేడా వస్తుంది.

పేజీలన్నీ ఉన్నాయా? దీనిమీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. చాలా ఏళ్ల క్రితం 1941 నాటి ఒక సంచికను ఒక ప్రదర్శనలో 1,800 డాలర్లకు కొన్నాను. అట్ట మెరుస్తోంది, మూలలు పదునుగా ఉన్నాయి, ఆ ఆనందంలో రెండు పేజీలు తిప్పి సంచిలో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి లెక్కపెడితే నడిమి జంట పేజీ లేదు. పిన్నులు వదులైనప్పుడు మొదట ఊడి పోయేది అదే. అమ్మినవారు తమకు తెలియదన్నారు, బహుశా నిజమే అయి ఉంటుంది. ఆ పుస్తకాన్ని చివరకు 500 డాలర్లకు, లోపం చెప్పి అమ్ముకున్నాను. అప్పటినుంచి ఏ పుస్తకాన్నీ పేజీలు లెక్కపెట్టకుండా కొనలేదు.

మీరూ ఒక్కొక్కటే లెక్కపెట్టండి. బొమ్మల పోటీకో, బహుమతికో కూపను కత్తిరించి పంపిన పిల్లలు ఆ రోజుల్లో లక్షల్లో ఉన్నారు. వెనుక పేజీల్లో ఒక చిన్న చతురస్రం మాయమై ఉండటం చాలా మామూలు. కూపను వెనుకవైపు కథ ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. ఒక పుస్తకంలో లేని పేజీని మరో ప్రతినుంచి తెచ్చి అతికించడం కూడా ఉంది. పేజీ రంగు పక్క పేజీలతో కలవకపోయినా, పిన్ను రంధ్రాలు వరుసలో లేకపోయినా అనుమానించాలి.

పేజీలు తిప్పేటప్పుడు చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి, పుస్తకాన్ని బల్లమీద ఉంచి, సగానికి మించి తెరవకుండా చూడండి. నూలు చేతితొడుగులు వద్దు, వాటితో కాగితం అంచు తెలియక చిరుగుతుంది. పేజీ అంచు పొడిపొడిగా రాలుతుంటే ఆ పుస్తకాన్ని అక్కడితో మూసి పక్కన పెట్టండి, లెక్క తరువాత చూసుకోవచ్చు.

ఇక మరమ్మతు సంగతి. టేపు తీయవద్దని మొదటే చెప్పాను, కారణం ఇది. పాత టేపు జిగురు కాగితం పీచులోకి ఇంకిపోయి ఉంటుంది. లాగితే టేపుతోపాటు సిరా, కాగితం పైపొర కూడా లేచివస్తాయి. టేపు ఉంటే గ్రేడ్ తగ్గుతుంది, నిజమే, కాని దానిని లోపంగా మాత్రమే లెక్కిస్తారు. మీరు ఊడదీసి, తెల్లబడిన చోట రంగు పెన్సిలుతో దిద్దితే అది ‘రెస్టరేషన్’ కిందకు వస్తుంది. అప్పుడు పుస్తకం వేరే తరగతిలో పడుతుంది. 2000లో మొదలైన గ్రేడింగ్ సంస్థ సీజీసీ, మరమ్మతు లేని పుస్తకానికి నీలి లేబులు, మరమ్మతు జరిగినదానికి ఊదా లేబులు ఇస్తుంది. పైకి ఒకేలా కనిపించే రెండు ప్రతుల్లో ఊదా లేబులున్నది సగానికీ, కొన్నిసార్లు మూడో వంతుకూ అమ్ముడుపోవడం నేను చూశాను.

మీ పుస్తకాలకు గతంలో ఎవరైనా ఇలాంటివి చేశారేమో కూడా చూడాలి. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెడితే తరువాత వేసిన రంగులు, జిగురు చుట్టూ ఉన్న సిరాకన్నా భిన్నంగా మెరుస్తాయి. అంచులు మరీ నిటారుగా, తెల్లగా, కొత్తగా ఉంటే కత్తిరించారేమో అని అదే కాలపు మరో పుస్తకంతో పోల్చి కొలవండి. అయితే ఆనాటి ముద్రణాలయాల్లో కోత కూడా వంకరటింకరగానే ఉండేది, కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే తీర్పు చెప్పేయకూడదు.

గ్రేడ్ అంటే 0.5 నుంచి 10 దాకా ఉండే కొలమానం. మడతలు, చిరుగులు, పిన్నుల తుప్పు, మరకలు, పేజీల రంగు అన్నీ చూసి ఇస్తారు. అర పాయింటు తేడా ఎంత చేస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2010 ఫిబ్రవరిలో యాక్షన్ 1వ సంచిక 8.0 గ్రేడ్ ప్రతి 10 లక్షల డాలర్లకు అమ్ముడైంది. మరుసటి నెలలో 8.5 గ్రేడ్ ప్రతి 15 లక్షలు పలికింది. ఈ రెండోది దశాబ్దాలపాటు ఒక పాత సినిమా పత్రిక లోపల ఉండిపోవడంవల్ల అంత బాగా మిగిలిందట. 2014లో 9.0 గ్రేడ్ ప్రతి 32 లక్షల డాలర్లు దాటింది. ఏళ్లు గడిచేకొద్దీ బజారు కూడా పెరగడంతో, 2024లో ఒక 8.5 గ్రేడ్ ప్రతికే 60 లక్షల డాలర్లు వచ్చాయి.

కింది మెట్లలో కూడా ఇదే లెక్క. మిన్నెసోటా రాష్ట్రంలోని ఎల్బో లేక్‌లో ఒకాయన దాదాపు 10 వేల డాలర్లకు ఒక పాడుబడ్డ ఇల్లు కొని బాగుచేస్తుంటే, గోడ లోపల పాత వార్తాపత్రికల మధ్య యాక్షన్ 1 దొరికింది. ఆ ఉద్వేగంలో భార్య తరఫు బంధువుతో పెనుగులాట జరిగి వెనుక అట్ట చిరిగింది. పుస్తకం 1.5 గ్రేడుతో 2013లో 1,75,000 డాలర్లకు అమ్ముడైంది. ఆ చిరుగు లేకపోతే మరో 75 వేల డాలర్ల దాకా వచ్చేవని అప్పట్లో అంచనా వేశారు. మీ ఇంటికి చుట్టాలు చూడటానికి వస్తే దూరంనుంచే చూపించమని నేను అనేది అందుకే.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది ఎడ్గర్ చర్చ్ సేకరణ. కొలరాడోలోని డెన్వర్ ప్రాంతంలో ఆయన దశాబ్దాలపాటు కొని, కదల్చకుండా గట్టిగా దొంతరలు పేర్చి ఉంచిన వేలాది కామిక్ పుస్తకాలను చక్ రోజాన్స్కీ అనే వ్యాపారి 1977లో కొన్నారు. పొడి వాతావరణం, చీకటి, గాలి చొరబడని దొంతరలు కలిసి పేజీలను దాదాపు తెల్లగా నిలిపాయి. ఆ సేకరణనుంచి వచ్చిందని రుజువున్న ప్రతికి అదే గ్రేడున్న మరో ప్రతికన్నా ఎక్కువ ఇస్తారు. ఇలాంటి వంశచరిత్రను ‘పెడిగ్రీ’ అంటారు. మీ పెట్టెకు అంతటి పేరు రాదు గాని, పుస్తకాలమీద ఆనాటి యజమాని పేరో, దుకాణం వేసిన తేదీ ముద్రో ఉంటే చెరపకండి. ఇంటితోపాటు అటకమీది సామాను కూడా మీకు చెందుతుందని అమ్మకపు ఒప్పందంలో ఉందో లేదో మాత్రం చూసుకోండి. పెద్ద విలువ బయటపడ్డాక పాత యజమానుల వారసులు వచ్చి అడిగిన సందర్భం నాకు తెలుసు.

ధర చూసేటప్పుడు అమ్మకానికి పెట్టిన ధరలను పట్టించుకోవద్దు. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. జరిగిన అమ్మకాలనే చూడండి. ఈబేలో అమ్ముడైనవాటిని వేరుచేసి చూడవచ్చు. హెరిటేజ్ వంటి వేలం సంస్థల పాత ఫలితాలు ఖాతా తెరిస్తే కనిపిస్తాయి. 1970నుంచి వస్తున్న ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం ఏ సంచిక ముఖ్యమైనదో తెలుసుకోవడానికి ఇప్పటికీ నా బల్లమీదే ఉంటుంది. ధరకు మాత్రం దానిని నమ్ముకోను, ఏడాదికొకసారి వచ్చే పుస్తకం వేగంగా మారే బజారును అందుకోలేదు. వేలంలో ప్రకటించే మొత్తంలో కొనుగోలుదారు అదనంగా కట్టే రుసుము కూడా కలిసి ఉంటుంది. అది తరచుగా 20 శాతం దాకా ఉంటుంది, అమ్మినవారి చేతికి రాదు.

అన్నింటినీ గ్రేడింగుకు పంపకండి. రుసుము, పోస్టు ఖర్చు, బీమా కలిపితే 30 డాలర్ల పుస్తకానికి అంతకన్నా ఎక్కువే అవుతుంది. గ్రేడింగు తరువాత వచ్చే ధరలో పెరుగుదల ఆ ఖర్చుకు కనీసం మూడు రెట్లు ఉంటుందనిపిస్తేనే నేను పంపుతాను. మడతలు పోయేలా యంత్రంతో నొక్కించే ‘ప్రెసింగ్’ను సీజీసీ రెస్టరేషన్‌గా పరిగణించదు. అయినా పెళుసుబారిన 1940ల కాగితాన్ని వేడి యంత్రం కింద పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ పని చేసి జీవిస్తున్న మిత్రులు నాతో ఏకీభవించరు.

ఆ వ్యాపారి మాటకు వస్తే, ఆయన మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. వ్యాపారి సాధారణంగా తాను అమ్మగలిగే ధరలో సగం, అంతకు కొంచెం అటూ ఇటూగా ఇస్తారు. నెమ్మదిగా అమ్ముడయ్యే పుస్తకాలకు ఇంకా తక్కువే. మీ 40 పుస్తకాలూ 1950ల నాటి సాధారణ సంచికలయితే 900 డాలర్లు మర్యాదైన ధరే. జాబితాలో ఒక్క కీ ఇష్యూ ఉన్నా ఆ లెక్క తారుమారవుతుంది. పెద్ద ధరకు అమ్మితే అమెరికా పన్ను చట్టంలో సేకరణ వస్తువుల దీర్ఘకాలిక లాభంమీద గరిష్ఠ రేటు 28 శాతం అని గుర్తుంచుకుని, ముందే పన్ను నిపుణులతో మాట్లాడండి.

జాబితాతోపాటు ప్రతి పుస్తకానికి ముందు అట్ట, వెనుక అట్ట, చిన్న అక్షరాలున్న పేజీ, నడిమి పేజీ దగ్గర పిన్నులు, ఈ నాలుగు ఫొటోలు పగటి వెలుగులో తీసి ఇక్కడ పెట్టండి. ఈలోగా పుస్తకాలను పాలియెస్టర్ సంచుల్లో, ఆమ్లం లేని అట్టలు వెనుక ఉంచి, ఎండ తగలని గదిలో నిలువుగా అమర్చండి. వంటింట్లో వాడే మామూలు ప్లాస్టిక్ సంచులు పనికిరావు. టేపు ఉన్నవాటిని విడిగా ఉంచి, టేపు ఏ పేజీదాకా పాకిందో ఫొటోలో కనిపించేలా చూపించండి. వాటిలో వృత్తి నిపుణుల చేత టేపు తీయించదగినవి ఏమైనా ఉన్నాయేమో ఫొటోలు చూశాక చెబుతాను.